లాగ్‌లో కమిట్ అయిందని ఉంది, టేబుల్లో మాత్రం 57 లారీలు లేవు

షీలానగర్_కాటా, సోమవారం ఉదయం 9:10

అందరికీ నమస్కారం. రాత్రి నుంచి నిద్ర లేదు. కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది వైజాగ్‌లో షీలానగర్ నుంచి పోర్టుకి పోయే రోడ్డు మీద ఒక లారీ యార్డు. పేరు చెప్పలేను. పోర్టు నుంచి బొగ్గు లోడుతో వచ్చే లారీలు మా వేబ్రిడ్జి మీద తూకం వేయించుకుని బయటికి పోతాయి. ఇక్కడ అందరూ దాన్ని కాటా అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. యార్డు బిల్లింగ్ అంతా ఒక పాత అప్లికేషన్ మీద నడుస్తోంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు అప్పటి సర్వర్ నీళ్లలో తడిసి పాడైపోతే, ఆ ఏడాది చివర్లో దీన్ని కొత్తగా రాయించారట. జావాలో రాశారు, వెనకాల డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. రాసినాయన ఇప్పుడు ఊళ్లో లేరు. సోర్స్ కోడ్ ఎవరి దగ్గరా లేదు.

నాకు అప్పగించిన పని ఇదీ. కాటా తెర చూసి గుమస్తా బరువు చేత్తో కొట్టే పద్ధతి పోవాలి. ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ ద్వారా బరువు తీసుకుని, గేట్ పాస్ నంబరుతో కలిపి, పాత అప్లికేషన్ వాడే తూకాల టేబుల్లోనే నేరుగా వేయాలి. పైథాన్‌లో, పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే సైకోపీజీ2 లైబ్రరీతో రాశాను. ఆ టేబుల్ మీద ఒక ట్రిగ్గర్ ఉంది. కొత్త తూకం పడగానే, ఆ పార్టీకి ఆ రోజు మొత్తం ఎన్ని కిలోలో ఇంకో టేబుల్లో కలుపుతుంది. గేట్ పాస్ నంబరు రెండోసారి పడకుండా యూనిక్ నిబంధన కూడా ఉంది.

ఒక్కో కమిట్‌కీ, అంటే వేసినవి ఖాయం చేసినప్పుడల్లా, డిస్కు మీద రాయాలి కాబట్టి గుంపుగా చేస్తే వేగం అని ఎక్కడో చదివి, 20 లారీలకి ఒకసారి కమిట్ పెట్టాను. స్లిప్పు మాత్రం తూకం కాగానే వెంటనే ప్రింటవుతుంది, డ్రైవర్లు ఆగరు కదా.

శనివారం రాత్రి దాదాపు వంద లారీలు పోయాయి. ఆదివారం పొద్దున్న బిల్లింగ్ ఆవిడ చూస్తే 57 లారీల తూకాలు లేవు. స్లిప్పులు మూడు కాపీల కార్బన్ కాగితం మీద పడతాయి, ఆఫీసు కాపీలు మేకుకి గుచ్చి ఉన్నాయి కాబట్టి బతికాం. వాటిని ఒక్కొక్కటీ చూసి మధ్యాహ్నం రెండింటి దాకా ముగ్గురం కూర్చుని కొట్టాం.

లాగ్‌లో ఏముందంటే, ఒకచోట ‘డూప్లికేట్ కీ’ అని 23505 ఎర్రర్. డూప్లికేట్ అయితే వదిలేసి ముందుకెళ్లమని నేనే రాశాను, అది ఫర్వాలేదు. కానీ ఆ తర్వాత వచ్చిన ప్రతి లారీకీ 25పీ02 ఎర్రర్. ‘కరెంట్ ట్రాన్సాక్షన్ ఈజ్ అబార్టెడ్, కమాండ్స్ ఇగ్నోర్డ్ అంటిల్ ఎండ్ ఆఫ్ ట్రాన్సాక్షన్ బ్లాక్’ అని. గుంపు చివర కమిట్ మాత్రం ఏ ఎర్రరూ లేకుండా జరిగింది, ‘20 తూకాలు భద్రం’ అని నా లాగ్‌లో రాసుకుంది కూడా. రాత్రి మొత్తం మీద ఇలా మూడు గుంపులు. ఒక్క లారీ డూప్లికేట్ అయితే దాని ముందువి, వెనకవి ఎందుకు పోవాలి? కమిట్ అయిందని ఎందుకు చెప్పాలి?

ఇంకో చిన్న విషయం. దీనికి సంబంధం ఉండదనుకుంటాను గానీ చెబుతున్నాను. వారం రోజులుగా పగటి గుమస్తా ‘తూకం సేవ్ కొడితే స్క్రీను కదలట్లేదు’ అని గొడవ. పాత అప్లికేషన్ కదా, నెమ్మదిగా ఉంటుందిలే అని పట్టించుకోలేదు.

రుషికొండ_జావా, సోమవారం ఉదయం 9:48

25పీ02 అసలు ఎర్రర్ కాదు బ్రదర్, దాని ముందు వచ్చిన ఎర్రర్‌కి నీడ అనుకో. పోస్ట్‌గ్రెస్‌లో ఒక ట్రాన్సాక్షన్ (కమిట్ దాకా కలిసి నడిచే పనుల గుంపు) మధ్యలో ఏ చిన్న స్టేట్‌మెంట్ ఫెయిలైనా మొత్తం ట్రాన్సాక్షన్ చెడిపోయినట్టే. రోల్‌బ్యాక్ (చేసినదంతా రద్దు) అనేదాకా ఇంకేమీ వినదు, ఒట్టి సెలెక్ట్ కూడా చేయనివ్వదు. నువ్వు పైథాన్‌లో ఎక్సెప్షన్ పట్టుకున్నావు కానీ ఆ సంగతి సర్వర్‌కి తెలీదు. పట్టుకోవడం వేరు, రోల్‌బ్యాక్ చేయడం వేరు.

రెండు దారులున్నాయి. ఇన్సర్ట్‌కి ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్’ తగిలించు, డూప్లికేట్ వస్తే ఎర్రరే రాదు. లేదా ప్రతి ఇన్సర్ట్ ముందు సేవ్‌పాయింట్, అంటే మధ్యలో వెనక్కి రాగల గుర్తు, పెట్టి, ఫెయిలైతే ఆ సేవ్‌పాయింట్ దాకా రోల్‌బ్యాక్ చెయ్. మొదటిది ఒక్క లైను మార్పు, దానితోనే అయిపోద్ది.

మర్రిపాలెం_బిల్లింగ్, సోమవారం ఉదయం 10:30

తమ్ముడూ, నువ్వు ఇంతకుముందు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మీద పని చేశావా? ఎందుకు అడుగుతున్నానంటే, నువ్వు రాసిన పద్ధతి అక్కడ నడిచిపోతుంది. దాని లోపలి ఇంజన్ ఇన్నోడీబీలో డూప్లికేట్ కీ వస్తే ఆ ఒక్క స్టేట్‌మెంట్ మాత్రమే వెనక్కి పోతుంది, ట్రాన్సాక్షన్ బతికే ఉంటుంది. అక్కడి అలవాటు ఇక్కడికి తెస్తే ఇలాగే అవుతుంది.

అలాగని అక్కడ అన్నీ సుఖం కాదు. నేను ఒక ఆసుపత్రి బిల్లింగ్ చూశాను, దాని పేరు వద్దు. 1213, అంటే డెడ్‌లాక్ (రెండు ట్రాన్సాక్షన్లు ఒకదాని తాళం కోసం ఇంకోటి ఆగి ఇరుక్కుపోవడం) వస్తే ఇన్నోడీబీ మొత్తం ట్రాన్సాక్షన్‌ని వెనక్కి తీసేస్తుంది. 1205, అంటే తాళం కోసం ఎదురుచూసి టైమౌట్ అయితే, మామూలు సెట్టింగులో ఆ స్టేట్‌మెంట్ ఒక్కటే పోతుంది. ఆ ఎదురుచూపు డిఫాల్ట్‌గా 50 సెకన్లు. మా దగ్గర ఎవరో రెండిటినీ ఒకటే అనుకుని, ఎర్రర్ వస్తే లాగ్ చేసి తర్వాతి స్టేట్‌మెంట్‌కి పోయేలా రాశారు. డెడ్‌లాక్ వచ్చినప్పుడు అప్పటిదాకా వేసిన మందుల లైన్లన్నీ పోయాయి, ఆ తర్వాత వేసిన గది అద్దె లైన్లు మాత్రం నిలబడ్డాయి. డిశ్చార్జి కౌంటర్ దగ్గర పేషెంటు కొడుకు బిల్లు చూసి ‘మందులకి డబ్బులు తీసుకోరా మేడమ్?’ అని అడిగాడు. మంచివాడు కాబట్టి అడిగాడు. ఆ నెల బిల్లులన్నీ వెనక్కి తిరగేశాం.

ఇక నీ కమిట్ సంగతి. చెడిపోయిన ట్రాన్సాక్షన్ మీద కమిట్ అంటే పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇవ్వదు. లోపల రోల్‌బ్యాక్ చేసి, జవాబులో ‘కమిట్’ బదులు ‘రోల్‌బ్యాక్’ అన్న మాట పంపుతుంది. సైకోపీజీ2 ఆ మాట చూసి ఎక్సెప్షన్ లేపదు. అందుకే నీ లాగ్ భద్రం అని రాసుకుంది. పోస్ట్‌గ్రెస్‌కి నేరుగా కమాండ్లు కొట్టే పీఎస్‌క్యూఎల్‌లో చేత్తో చేసి చూడు, కళ్లకి కనిపిస్తుంది: బిగిన్ అను, ఏదైనా తప్పుడు స్టేట్‌మెంట్ కొట్టు, కమిట్ అను. తెర మీద రోల్‌బ్యాక్ అని పడుతుంది. ప్రోగ్రాంలో అయితే కమిట్‌కి ముందు కనెక్షన్ ట్రాన్సాక్షన్ స్టేటస్ అడుగు. ‘ఇన్ ఎర్రర్’ అంటే అక్కడే ఆగిపోవాలి.

షీలానగర్_కాటా, సోమవారం మధ్యాహ్నం 1:25

అక్కా, సరిగ్గా పట్టుకున్నారు. నేను ముందు మైఎస్‌క్యూఎల్ మీదే పని చేశాను. మీరు చెప్పినట్టు పీఎస్‌క్యూఎల్‌లో చేసి చూశాను. కమిట్ అని నేను కొడితే కింద రోల్‌బ్యాక్ అని పడింది. చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

రుషికొండ అన్నా, ఆన్ కాన్‌ఫ్లిక్ట్ పెడితే సింటాక్స్ ఎర్రర్ వచ్చింది. వర్షన్ చూస్తే 9.3, అందులో ఆన్ కాన్‌ఫ్లిక్ట్ లేదు. పెట్టినప్పటి నుంచీ ఎవరూ ముట్టుకోలేదు.

కానీ అన్నా, అది పనిచేసి ఉంటే ఇంకా పెద్ద ప్రమాదం జరిగేదని ఇప్పుడే తెలిసింది. భోజనాలప్పుడు రాత్రి షిఫ్టు కాటా ఆపరేటర్‌ని అడిగాను, ఆ మూడు డూప్లికేట్లు ఎందుకొచ్చాయని. ఆయన అన్నమాట అలాగే రాస్తున్నాను: ‘ఎనక సక్రాలు పలక మీదకి ఎక్కనేదు బాబూ, తూకం తప్పొచ్చినాది. ఎనక్కి తీయించి మళ్లీ ఎక్కించినాను.’

స్లిప్పులు తీసి చూశాను. ఒక లారీకి మొదటి తూకం 24,180 కిలోలు, రెండోది 28,420. ఖాళీ బరువు 9,860. అంటే సరుకు 18,560 కిలోలు ఉండగా మొదటి స్లిప్పు ప్రకారం 14,320 అవుతుంది. రెండో ఇన్సర్ట్‌ని చప్పుడు కాకుండా వదిలేస్తే తప్పుడు తూకమే నిలబడిపోయేది. నాలుగు టన్నుల పైన బొగ్గు లెక్కలో లేకుండా పోయేది. పైగా ఎర్రర్ కూడా వచ్చేది కాదు, ఎవరికీ తెలిసేది కాదు.

నేను డూప్లికేట్ అంటే పనికిరానిది అనుకుని వదిలేయమని రాశాను. ఇక్కడ పనికొచ్చేది అదే.

సేవ్‌పాయింట్ పెట్టి పరీక్షించాను, 9.3లో పనిచేస్తోంది. 20 లారీల గుంపులో ఏడోది చెడినా మిగతా 19 నిలబడ్డాయి. ఇక ఇలా వదిలేయొచ్చా?

పాత_డీబీఏ, సోమవారం సాయంత్రం 6:40

వదిలేయకు బాబూ. ఇంకా అసలు జబ్బు అలాగే ఉంది. నువ్వు ‘సంబంధం ఉండదనుకుంటాను’ అని చివర్లో రాశావే, గుమస్తా స్క్రీను కదలట్లేదని, నాకు ముందు కనిపించింది అదే.

లెక్క వేసుకుందాం. రాత్రంతా వంద లారీలు అన్నావు. తొమ్మిది గంటల షిఫ్టు అనుకుంటే ఐదారు నిమిషాలకో లారీ. 20 లారీలకి ఒకసారి కమిట్ అంటే నీ ట్రాన్సాక్షన్ గంటన్నరకి పైనే తెరిచి ఉంటోంది. గుంపుగా చేస్తే వేగం అన్నది నిజమే, కానీ అది చేతిలో పదివేల రికార్డులు ముందే ఉండి ఒకేసారి పోసేటప్పుడు. లారీలు తాపీగా ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే, గుంపు నిండేదాకా తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డట్టు. ఐదు నిమిషాలకో కమిట్ ఎంత పాత డిస్కుకైనా బరువు కాదు.

ఇప్పుడు ఆ ట్రిగ్గర్ సంగతి చూడు. పార్టీ వారీగా రోజు మొత్తం కలుపుతుందన్నావు. నువ్వు ఒక పార్టీ లారీ తూకం వేయగానే ఆ పార్టీ రోజు మొత్తం ఉన్న వరస (రో) మీద తాళం పడుతుంది. నువ్వు కమిట్ చేసేదాకా అది ఊడదు. అదే పార్టీకి గుమస్తా చేత్తో ఇంకో తూకం కొడితే, ఆయన ట్రిగ్గర్ కూడా ఆ వరస మీదకే రావాలి. వచ్చి నిలబడిపోతుంది. స్క్రీను కదలదు. పాత అప్లికేషన్ నెమ్మదిగా లేదు, నీ ప్రోగ్రాం తాళం వేసుకుని కూర్చుంది. సేవ్‌పాయింట్లు పెట్టినా ఇది మారదు. తర్వాత చెడిన ఇన్సర్ట్‌కి పడిన తాళాలు సేవ్‌పాయింట్ దాకా రోల్‌బ్యాక్ చేస్తే ఊడతాయి కానీ, చెడకుండా నిలబడిన వాటి తాళాలు కమిట్ దాకా ఉంటాయి.

రేపు పగలు గుమస్తా అరవగానే పీజీ స్టాట్ యాక్టివిటీ (ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పట్టిక) చూడు. స్టేట్ కాలమ్‌లో ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ (ట్రాన్సాక్షన్ తెరిచి ఊరుకున్నది) అని ఎవరిది ఉందో, ఆ ట్రాన్సాక్షన్ ఎప్పుడు మొదలైందో ఎక్సాక్ట్ స్టార్ట్ (xact_start) కాలమ్‌లో ఉంటుంది. ఎవరు ఎవర్ని ఆపారో ఒక్క మాటలో చెప్పే ఫంక్షన్ 9.6లో వచ్చింది, నీకు లేదు. తాళాల పట్టిక పీజీ లాక్స్‌తో కలిపి చూసుకోవాలి. కాన్ఫిగ్‌లో లాగ్ లాక్ వెయిట్స్ ఆన్ చేసి రీలోడ్ ఇవ్వు, సర్వర్ ఆపనక్కర్లేదు. సెకను మించి ఎవరైనా తాళం కోసం ఆగితే లాగ్‌లో పడుతుంది.

సైకోపీజీ2 గురించి ఇంకో మాట. అందులో మొదటి సెలెక్ట్‌తోనే ట్రాన్సాక్షన్ తెరుచుకుంటుంది, నువ్వు బిగిన్ అనక్కర్లేదు. గేట్ పాస్ వచ్చిందా అని రెండు సెకన్లకోసారి అడిగే లూపు ఏదైనా ఉంటే, దానికి వేరే కనెక్షన్ పెట్టి ఆటోకమిట్ (ప్రతి స్టేట్‌మెంట్‌కీ వెంటనే కమిట్) ఆన్ చెయ్.

ఇప్పుడు ఎలా కట్టాలో చెబుతాను. ముందు కాగితం మీద రాసుకో: ఏవి కలిసి నిలబడాలి, కలిసి పడాలి? ఒక లారీ తూకం, దాని రోజు మొత్తం, దాని గేట్ పాస్ మూసివేత, ఈ మూడూ కలిసి ఉండాలి. ఈ లారీకీ వెనక లారీకీ మాత్రం ఏ సంబంధమూ లేదు. కాబట్టి ఒక లారీకి ఒక ట్రాన్సాక్షన్.

బరువు కాటా నుంచి రాగానే పోస్ట్‌గ్రెస్ కంటే ముందు నీ పీసీలోనే ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్) ఫైల్లో రాసెయ్, దానికి నీ సొంత నంబరు ఒకటి ఇవ్వు. సర్వర్ చచ్చినా, కేబుల్ ఊడినా తూకం పోకూడదు, లారీ వెళ్లిపోయాక మళ్లీ తూచలేవు. తర్వాత పాత టేబుళ్లని ముట్టుకోకుండా అదే డేటాబేస్‌లో పక్కన నీదంటూ ఒక చిన్న టేబుల్ పెట్టుకో: నీ నంబరు, దానికి పడిన తూకం రికార్డు నంబరు. నీ నంబరు మీద యూనిక్. తూకం ఇన్సర్ట్, ఈ ఇన్సర్ట్ ఒకే ట్రాన్సాక్షన్‌లో వెయ్. ఎందుకంటే కమిట్ పంపిన క్షణంలోనే నెట్‌వర్క్ తెగితే, అది అయ్యిందో లేదో నీ వైపు నుంచి తెలుసుకునే దారి లేదు. మళ్లీ కనెక్ట్ అయ్యాక ఈ టేబుల్లో నీ నంబరు ఉందా అని చూస్తే తెలిసిపోతుంది. ఉంటే ఊరుకో, లేకపోతే మొత్తం మొదటి నుంచి మళ్లీ.

ఎర్రర్లన్నిటినీ ఒకే గాటన కట్టకు. 40పీ01 డెడ్‌లాక్ వస్తే ట్రాన్సాక్షన్ మొత్తం మళ్లీ చేయొచ్చు, కొద్దిసేపు ఆగి. ఫెయిలైన ఒక్క స్టేట్‌మెంట్ కాదు, మొత్తం. 23505కి మళ్లీ చేయడం దండగ, వందసార్లు చేసినా అదే వస్తుంది. అది మనిషి చూడాల్సిన కేసు. తెలియని ఎర్రర్ ఏదైనా వస్తే రోల్‌బ్యాక్ చేసి, ఆగి, ఎవరికైనా వినిపించేలా అరవాలి. లాగ్‌లో ఒక లైను రాసి ముందుకుపోవడం అరవడం కాదు.

లాక్ టైమౌట్ (తాళం కోసం ఎంతసేపు ఆగాలో హద్దు) అని ఒకటుంది, 9.3లోనే వచ్చింది, నీ అదృష్టం. ట్రాన్సాక్షన్ మొదట్లో, ఆ ఒక్క ట్రాన్సాక్షన్‌కే వర్తించే సెట్ లోకల్‌తో మూడు సెకన్లు పెట్టు. పాత అప్లికేషన్ ఏదైనా వరస పట్టుకుని వదలకపోతే 55పీ03 ఎర్రర్ వస్తుంది. తూకం నీ ఎస్‌క్యూలైట్‌లో ఉంది కాబట్టి భయం లేదు, తర్వాత వేసుకోవచ్చు. సోర్స్ కోడ్ లేదన్నావు. పాత అప్లికేషన్ ఏ క్రమంలో ఏ టేబుల్ ముడుతుందో లాగ్ స్టేట్‌మెంట్ (ప్రతి స్టేట్‌మెంట్‌నీ లాగ్‌లో రాసే సెట్టింగు) ఒక పూట ఆన్ చేసి చూడు. అది గేట్ పాస్ ముందు, తూకం తర్వాత ముడితే నువ్వూ అలాగే ముట్టు. నువ్వు తిరగేసి ముట్టుకుంటే డెడ్‌లాక్‌లు కోరి తెచ్చుకున్నట్టే.

చివరిగా ఆ స్లిప్పు. కమిట్ కాకముందు స్లిప్పు ప్రింట్ చేయొద్దు. స్లిప్పు డ్రైవర్ చేతికి పోయిందంటే యార్డు మాట ఇచ్చినట్టు. కాగితాన్ని రోల్‌బ్యాక్ చేయలేవు.

రుషికొండ_జావా, సోమవారం రాత్రి 8:15

డూ నథింగ్ అని తొందరపడి చెప్పాను, ఆ 24,180 తూకం చూశాక నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. టేబుల్ దేని గురించో అడక్కుండా చెప్పకూడదు. మా సర్వీసుల్లో కూడా అది ఎక్కడెక్కడ పెట్టామో రేపు కూర్చుని చూస్తాను.

9.3కి సపోర్టు 2018 నవంబర్‌లోనే ఆగిపోయింది బ్రదర్. ఈ గొడవ సద్దుమణిగాక పీజీ డంప్‌తో డేటాబేస్ కాపీ తీసి, వేరే మెషిన్లో కొత్త వర్షన్ మీద పాత అప్లికేషన్ నడుస్తుందో లేదో చూడు. హుద్‌హుద్‌లో ఒకసారి తడిసిన ఊరు మనది, కనీసం బ్యాకప్ ఆ యార్డులో కాకుండా ఇంకోచోట ఉందో లేదో ఇవాళే కనుక్కో.

షీలానగర్_కాటా, బుధవారం రాత్రి 10:50

పాత_డీబీఏ గారూ, మంగళవారం పదకొండింటికి గుమస్తా ‘మళ్లీ ఆగిపోయింది’ అని కేకేశారు. వెంటనే చూశాను. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అని ఒకే ఒక్క వరస, అది నా ప్రోగ్రాందే, మొదలై 1 గంట 34 నిమిషాలు. నేను నా పీసీ దగ్గరికెళ్లి కమిట్ చేయించగానే ఆయన స్క్రీను కదిలింది. ఆయన గది నుంచి ‘ఆ, అయ్యింది’ అని వినిపించింది. వారం రోజులుగా ఆయన చెబుతూనే ఉన్నారు, నేను వినలేదు. ఆయన దగ్గరికెళ్లి తప్పు నాదేనని చెప్పాను.

మంగళవారం రాత్రి నుంచి కొత్త పద్ధతి నడుస్తోంది. లారీకో ట్రాన్సాక్షన్, ముందు ఎస్‌క్యూలైట్, పక్కన నా టేబుల్. సేవ్‌పాయింట్ ఒక్కచోటే మిగిలింది. తూకం ఇన్సర్ట్‌కి 23505 వస్తే అక్కడిదాకా వెనక్కి వచ్చి, అదే ట్రాన్సాక్షన్‌లో నా టేబుల్లో ‘రెండో తూకం, చూడాలి’ అని రాసి కమిట్ చేస్తాను. ఆపరేటర్ తెర మీద రెండు బరువులూ పక్కపక్కన వస్తాయి. ఏది సరైనదో ఆయన చెబుతారు, పాత అప్లికేషన్‌లో సవరణ గుమస్తా చేస్తారు. ఆ సవరణ నేను ప్రోగ్రాంతో చేయించలేదు. కారణం రాసి సంతకం పెట్టే పద్ధతి వాళ్లకి ఉంది, అది ఉండాలి.

లాగ్ స్టేట్‌మెంట్ ఆన్ చేసి చూస్తే పాత అప్లికేషన్ గేట్ పాస్‌నే ముందు ముడుతోంది, నేను తిరగేసి రాశాను. మార్చాను.

స్లిప్పు ఇప్పుడు కమిట్ తర్వాతే వస్తోంది. డ్రైవర్లకి తేడా తెలియలేదు. ఒకసారి కమిట్ అయ్యాక ప్రింటర్‌లో కాగితం చిక్కుకుంది. రికార్డు ఉంది కాబట్టి ‘నకలు’ అని ముద్రించి మళ్లీ ఇచ్చాం.

ఇవాళ మధ్యాహ్నం 55పీ03 నిజంగానే వచ్చింది. గుమస్తా ఒక గేట్ పాస్ సవరణకి తెరిచి టీకి వెళ్లారు. పాత అప్లికేషన్ ఆ స్క్రీను తెరిచినంతసేపూ ఆ వరస పట్టుకునే ఉంటుందని అప్పుడు తెలిసింది. మూడు సెకన్లు చూసి నా ప్రోగ్రాం వెనక్కి తగ్గింది, వెనకాల లారీలు ఆగకుండా పోయాయి. ఆ ఒక్క లారీ డ్రైవర్‌ని మాత్రం పక్కకి తీసి నిలబడమన్నాం. గుమస్తా వచ్చి స్క్రీను మూసిన పది సెకన్లకి స్లిప్పు పడింది.

ఒక సందేహం మిగిలింది. బిల్లింగ్ ఆవిడ తూకం నంబర్లలో మధ్యమధ్య ఖాళీలు ఉన్నాయని అడుగుతున్నారు. ఆడిటర్ వస్తే ఏం చెప్పాలి అంటున్నారు.

మర్రిపాలెం_బిల్లింగ్, బుధవారం రాత్రి 11:20

ఆ నంబర్లు సీక్వెన్స్ (డేటాబేస్‌లో నంబర్లు ఇచ్చే లెక్క) నుంచి వస్తుంటాయి తమ్ముడూ. సీక్వెన్స్ ఇచ్చిన నంబరు రోల్‌బ్యాక్ అయినా వెనక్కి పోదు. ఇద్దరు ఒకేసారి నంబరు అడిగితే ఒకరి కోసం ఇంకొకరు ఆగకూడదని కావాలనే అలా చేశారు. నీ 23505లు, ఇన్సర్ట్ అయ్యాక రోల్‌బ్యాక్ అయిన తూకాలు ఒక్కోటి ఒక్కో నంబరు తినేసి ఉంటాయి. పాత అప్లికేషన్ ఒక్కటే ఉన్నప్పుడు కూడా అక్కడక్కడా ఖాళీలు ఉండే ఉంటాయి, చూడమను. మా ఆడిటర్ అడిగినప్పుడు నేను ఏ నంబరు ఏ ఎర్రర్‌తో పోయిందో తేదీ వారీగా ఒక పట్టిక ఇచ్చాను, ఆయన సరే అన్నారు. నీకు ఎస్‌క్యూలైట్ ఫైలు ఉంది కదా, ప్రతి ప్రయత్నం సమయం, ఎర్రర్ అందులో రాసిపెట్టు. ఆ సమయాలు పక్కన పెట్టుకుంటే ఏ ఖాళీ దేనివల్లో ఆవిడే చూసుకుంటారు.

ఖాళీ లేని వరస నంబరు చట్టప్రకారం కావాలంటే అది వేరే కథ. దానికి ఒక టేబుల్లో లెక్క పెట్టుకుని ప్రతిసారీ దాని మీద తాళం వేయాలి, అప్పుడు అందరూ ఒకరి వెనక ఒకరు నిలబడాలి. తూకం నంబరుకి అది పెట్టకు. బిల్లు నంబరుకి కావాలంటే బిల్లు తయారయ్యేటప్పుడు పెట్టుకోవచ్చు.

షీలానగర్_కాటా, గురువారం ఉదయం 6:15

ధన్యవాదాలు అక్కా. ప్రయత్నాల పట్టిక రాత్రే కలిపాను.

రాత్రి 94 లారీలు. మేకుకి గుచ్చిన ఆఫీసు కాపీలు తీసి టేబుల్‌తో ఒక్కొక్కటీ సరిచూశాను, 94 ఉన్నాయి. రెండో తూకం కేసు ఒకటి వచ్చింది, ఆపరేటర్ సరైన బరువు గుర్తు పెట్టి ఉంచారు, గుమస్తా తొమ్మిదింటికి వచ్చి సవరిస్తారు. బ్యాకప్ మాత్రం యార్డులోనే, అదే సర్వర్ పక్కన పెట్టిన డిస్కులో ఉంది. ఈ సాయంత్రం ఒక కాపీ తీసుకుని మధురవాడలో ఓనర్ ఇంట్లో పెట్టడానికి ఆయన ఒప్పుకున్నారు.